కొసరుకూ క్యాపే

ఖైరున్నీసా చేతిలో గరిటె ఎప్పుడూ రెండుసార్లు దిగుతుంది. మొదటిసారి మీరు డబ్బిచ్చిన దానికి. రెండోసారి ఊరికే. నరసరావుపేటలో వాళ్ల నాన్నకి మాంసం కొట్టు ఉండేది. కాటా సమంగా తూగాక కూడా ఇంకో ముక్క వేసేవాడట. అది వేయకుండా పొట్లం కడితే బేరం తెగనట్టే. ఆ కొసరును ఆమె ఆస్ట్రేలియాకి వెంట తెచ్చుకుంది. ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్లు ఆవకాయ జాడీ పట్టుకున్నారు గానీ కొసరును పట్టుకోలేకపోయారు.

బ్రిస్బేన్ వచ్చి పదహారేళ్లయింది. భర్త వాహెద్ టాక్సీ నడిపి నడిపి మోకాళ్లు అరగదీసుకుని ఇంట్లో కూర్చున్నాడు. ఆమె సన్నీబ్యాంక్‌లో అద్దె ఇంటి గ్యారేజీలో బిర్యానీ వండి అమ్మింది. చివరికి పెలికన్స్ అనే బాస్కెట్‌బాల్ క్లబ్ స్టేడియంలో ఒక స్టాల్ సంపాదించింది. పదకొండేళ్లుగా ఆ ఇల్లు ఆ స్టాల్ మీదే నడుస్తోంది. మ్యాచ్ ఉన్న ప్రతి శనివారం మధ్యాహ్నం నేనూ అక్కడే. ఆట నాకు సగమే అర్థమవుతుంది. బిర్యానీ పూర్తిగా అర్థమవుతుంది.

పెలికన్స్‌లో మాయెన్ అని ఒక ఆటగాడు. తల్లిదండ్రులు సౌత్ సూడాన్ నుంచి వచ్చారు. ఏడడుగులకు రెండంగుళాలు తక్కువ. మన ఇళ్ల తలుపుల మీద జాలిపడి దేవుడు ఆ రెండంగుళాలూ తగ్గించాడని నా అనుమానం. ఆట కాగానే చెమటైనా ఆరకుండా స్టాల్ దగ్గరికొచ్చి, "ఆంటీ, వన్ ప్లేట్" అని కార్డు తాకిస్తాడు. అతనికి మాత్రం గరిటె నాలుగుసార్లు దిగుతుంది.

"అంత మనిషికి ఒక ముక్క ఏం ఆనుద్ది అంకుల్" అంటుంది నాతో.

పోయిన సీజన్‌లో ఓ శనివారం క్లబ్ వాళ్ల అమ్మాయి ఒకతె వీడియో కోసం మైకు పట్టుకుని వచ్చింది. మాయెన్ ఈ క్లబ్ వదిలి ఎందుకు వెళ్లడం లేదనుకుంటున్నారని నన్నడిగింది. మైకు ముందు నిజం చెప్పడం మర్యాద కాదు కదా.

"పెద్ద సిటీ క్లబ్ రెండింతలు ఇస్తామంది. కదల్లేదు. ఎందుకంటే మా ఖైరున్నీసా అతనికి వారానికో మేకను కొసరు వేస్తుంది. కొమ్ములు మాత్రం తీసేసి వేస్తుంది" అన్నాను, కాన్వెంట్‌లో నేర్చుకున్న ఇంగ్లీషులో, పొల్లు పోకుండా.

అమ్మాయి పగలబడి నవ్వింది. వీడియో చూసినవాళ్లందరూ నవ్వారు. లీగ్ ఆఫీసు నవ్వలేదు.

సోమవారం మా అమ్మాయి కొడుకు సుమంత్ ఇంటికొచ్చాడు. ఆ క్లబ్‌లో లెక్కలు చూసేది వాడే. చెప్పులైనా విడవలేదు.

"తాతయ్యా, డూ యూ నో వాట్ యూ హావ్ డన్? లీగ్ ఇన్వెస్టిగేషన్ వేసింది. ఆంటీ స్టాల్ పోవచ్చు."

ఊహ తెలిసినప్పటి నుంచీ అబద్ధాలాడుతున్నాను. కాన్వెంట్‌లో సిస్టర్ మోకాళ్ల మీద నిలబెట్టేది గానీ, ఒక్కదాన్నయినా నమ్మి కాగితం మీద పెట్టలేదు.

"బిర్యానీ ముక్కకి ఇన్వెస్టిగేషన్ ఏంట్రా?"

"సాలరీ క్యాప్, తాతయ్యా."

ఇద్దరం ఖైరున్నీసా ఇంటికి పరిగెత్తాం. సుమంత్ విషయం చెప్పగానే, ఉల్లిపాయలు తరుగుతున్నదల్లా కత్తి కింద పెట్టింది.

"జీతానికి క్యాపా? అంటే ఆ పిల్లోడికి టోపీ పెట్టారా? జీతం ఎగ్గొట్టారా?"

"ఆ టోపీ కాదు ఆంటీ. లిమిట్." సుమంత్ మూలనున్న పెద్ద బిర్యానీ హండీ ముందుకు లాగాడు. "టీమ్ మొత్తం జీతాలు ఇందులో ఉన్నాయనుకోండి. లీగ్‌లో అన్ని టీమ్‌లకీ ఇదే సైజు హండీ. ఓనర్ ఎంత రిచ్ అయినా ఇంతకన్నా పెద్దది పెట్టకూడదు. లేకపోతే డబ్బున్న క్లబ్ మంచి ప్లేయర్లందర్నీ కొనేస్తుంది. ఇంక గేమ్ ఎందుకు?"

"న్యాయంగానే ఉందిగా."

"ఒక్క ప్లేయర్‌కి ఈ హండీలో పావు కంటే ఎక్కువ పెట్టకూడదు. అది మ్యాక్సిమమ్ కాంట్రాక్ట్. ఎంత బాగా ఆడినా అంతే. మాయెన్‌కి ఆ పావు పెట్టేశాం. మిగిలింది పదకొండు మందికి పంచేశాం. హండీ అడుగు కనిపిస్తోంది. ఒక్క మెతుకు లేదు."

"మరి మధ్యలో నా ముక్కేం చేసింది?"

"మీకు క్లబ్‌తో కాంట్రాక్ట్ ఉంది. మీరు మాయెన్‌కి ఊరికే ఇచ్చారంటే, క్లబ్ దొడ్డిదారిన ఇచ్చినట్టు. కాగితం మీద పావు రాసి, తెలిసినవాళ్ల చేత కార్లూ ఇళ్లూ ఇప్పిస్తారని ఆ రూల్ పెట్టారు."

ఖైరున్నీసా హండీని మళ్లీ మూలకి తోసేసింది.

"కొసరు… జీతమా? యా అల్లా! అయితే మా నాన్న నరసరావుపేట మొత్తానికి జీతాలిచ్చాడు!"

తర్వాత నా వైపు తిరిగింది. "ఆ మేక ఎక్కడిది అంకుల్?"

"మాటవరసకి అన్నానమ్మా."

"మీ మాటవరస నా కొంప తీసేట్టుందే!"

సుమంత్ ఒక్క దారి చెప్పాడు. కొసరు అతనొక్కడికే ఇస్తే అది జీతం. కొన్నవాళ్లందరికీ ఇస్తే అది ప్లేట్ ధరలో భాగం. లీగ్ ఆఫీసరు ఎప్పుడైనా వచ్చి చూడవచ్చు.

ఆ శనివారం ఆమె స్టాల్ తెరిచింది. నేను భయంలో సుమంత్ చెప్పింది మరిచిపోయి, "ఇవాళ్టికి కొసరు ఆపెయ్యమ్మా" అన్నాను. ఆమె కూడా భయంలోనే తలూపింది.

మొదటి ప్లేటు నీలం చొక్కా వేసుకున్న ఒక ఆవిడకి. గరిటె ఒకసారి దిగింది. ఆగింది. ఆవిడ కార్డు తాకించింది. గరిటె మళ్లీ దిగిపోయింది. ఆ చెయ్యి ఎవరి మాటా వినే రకం కాదు.

"దీనికి నేను డబ్బివ్వలేదే" అంది ఆవిడ ఇంగ్లీషులో.

"కొసరు, డార్లింగ్."

"నేను బహుమతులు తీసుకోకూడదు."

"నో గిఫ్ట్! వద్దంటే బేరం తెగనట్టు. టేక్, టేక్."

"తీసుకో తల్లీ, ఇక్కడ అందరికీ వేస్తుంది!" అని ఇంగ్లీషులో అరిచాడు వెనకనున్న గడ్డపాయన. "నాకు ఆకలేస్తోంది, జరుగు!"

ఆవిడ మెడలోని కార్డు చొక్కా బయటికి తీసి చూపించింది. బెలిండా, లీగ్ ఆఫీసర్. విచారణకొచ్చిన మనిషికే మొదటి లంచం!

బెలిండా ఆ ముక్కను టిష్యూలో చుట్టి పక్కన పెట్టింది. నోటుబుక్కు తీసి స్టాల్ పక్కనే నిలబడింది. నూట నలభై ప్లేట్లు వెళ్లాయి, నూట నలభై ముక్కలు ఊరికే వెళ్లాయి. ఆట ముగిసింది. మాయెన్ వచ్చాడు. ఖైరున్నీసా అతన్ని చూసింది, బెలిండాను చూసింది. నేను కళ్లు మూసుకున్నాను. గరిటె హండీ అంచుకు తగిలిన చప్పుడు నాలుగుసార్లు వినిపించింది.

"మేక గురించి చెప్పింది మీరేనా?" అని బెలిండా నన్నడిగింది.

"నేనే. మేక లేదు. రెండింతలు ఇస్తామన్న క్లబ్బూ లేదు. నాకు కోతలు కోసే జబ్బుంది."

మొహంలో ఏ మార్పూ లేకుండా రాసుకుంది.

పది రోజులకు లీగ్ నుంచి ఉత్తరం వచ్చింది. ఖైరున్నీసా ఇంట్లో సుమంత్ చదివి వినిపించాడు. స్టాల్ ఉంటుంది. అందరికీ వేసే ముక్క జీతం కాదు. మాయెన్‌కి అందరికన్నా అదనంగా పడ్డ రెండు ముక్కలూ మాత్రం జీతమే, వాటికి క్లబ్బుకు హెచ్చరిక. స్టాల్ కాంట్రాక్టులో కొత్తగా ఒక షరతు: ప్రతి ప్లేటుకూ, ప్రతి మనిషికీ, ఒక ముక్క అదనం. అందరికీ సమానం.

"అల్హందులిల్లా! పెట్టు సంతకం" అన్నాడు వాహెద్ సోఫాలోంచి.

ఆమె పెన్ను పట్టుకుని కదలకుండా కూర్చుంది. స్టాల్ పోతుందన్నప్పుడు కూడా ఆ మొహం అంతగా పాలిపోలేదు.

"ఇదేంది అంకుల్? కాగితం మీద రాసిచ్చాక అది కొసరెట్టా అవుద్ది? అది అసలైపోయిందిగా!"

"ఆంటీ, ప్లీజ్. జస్ట్ సైన్" అన్నాడు సుమంత్, ఏడ్చేలా.

సంతకం పెట్టింది.

తర్వాతి మ్యాచ్‌కి నేను ముందే వెళ్లి స్టాల్ పక్కన నిలబడ్డాను. మొదటి ప్లేటు గడ్డపాయనది. గరిటె ఒకసారి దిగింది. షరతు ప్రకారం రెండోసారి దిగింది. హమ్మయ్య అనుకున్నాను. ఆయన ప్లేటు తీసుకుని వెళ్లబోయాడు.

"ఏయ్, వెయిట్!" అని పిలిచి మూడో ముక్క వేసింది.

ఆయన వెనకున్న ఆవిడకీ మూడు. ఆ వెనక పిల్లలకీ మూడు. ఆఖరికి వచ్చిన మాయెన్‌కీ అందరితో సమానంగా మూడే.

"ఏంటమ్మా ఇది? మళ్లీ వస్తారు వాళ్లు!" అన్నాను.

"వస్తే రానీండి, వాళ్లకీ మూడే" అంది. "రాసిన ముక్క రాసినట్టే వేశానుగా అంకుల్. మరి కొసరు వెయ్యొద్దా?"