నేను సరిచేసిన గొంతు

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పోలీసులు పట్టుకునే నేరం కాదు. ఎవరికైనా చెబితే ‘ఇంతేనా’ అంటారేమో. అలా అంటారనే చెప్పలేదా, అలా అనరని భయపడి చెప్పలేదా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. మీరు నాకు తెలియదు, నేను మీకు తెలియను. అందుకే మీకు చెబుతున్నాను.

కెనడాలోని హాలిఫాక్స్‌లో ఒక ఆసుపత్రి ఐటీ విభాగంలో పనిచేస్తాను. శని, ఆదివారాల్లో ఇంట్లో కంప్యూటర్ మీద యాంబియెంట్ సంగీతం చేస్తాను. తాళం ఉండదు, పల్లవి ఉండదు, ఒకే శ్రుతి మీద మెల్లగా సాగుతూ రంగు మార్చుకునే మోత. మా ఆవిడ దాన్ని ఫ్రిజ్ సంగీతం అంటుంది. వినేవాళ్లు మాత్రం అక్కడక్కడా ఉన్నారు.

నోరా గారు మా ఆసుపత్రిలోనే నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత ముందు హాల్లో వచ్చినవాళ్లకు దారి చెప్పే వాలంటీరుగా కూర్చునేవారు. డెబ్బై దాటిన మనిషి. పెళ్లయిన కొత్తలో పడమటి ఐర్లండ్ నుంచి ఇక్కడికి వచ్చారట. జనం లేనప్పుడు సన్నగా పాడుకుంటుంటే విన్నాను. ఐరిష్ భాషలో, వాళ్ల అమ్మ నేర్పిన పాట. పక్కవాద్యం ఏమీ లేదు, గొంతు ఒక్కటే. రికార్డ్ చేసుకుని నా సంగీతంతో కలపవచ్చా అని అడిగాను. ఇంటికి రమ్మన్నారు.

ఒక శనివారం పొద్దున్నే వెళ్లాను. వాళ్ల వంటింటి బల్ల మీద మైకు పెట్టాను. పాడేవాళ్ల చెయ్యి పక్కనున్నవాళ్లు పట్టుకుని పాటతోపాటు మెల్లగా తిప్పడం వాళ్ల వైపు ఆచారమట. ఎప్పుడూ పట్టుకునే మనవరాలు క్లేర్ ఆ రోజు ఊళ్లో లేదు. నన్ను పట్టుకోమన్నారు. పాట పైకి వెళ్లే ప్రతిసారీ ఆ చెయ్యి నా చేతిని గట్టిగా నొక్కేది. ఆరు నిమిషాలు అలా కూర్చున్నాను.

ఇంటికొచ్చి నా శ్రుతి మీద ఆ పాట పెడితే పదకొండు చోట్ల కుదరలేదు. అక్కడ ఆమె గొంతు రెండు స్వరాల మధ్య ఎక్కడో నిలుస్తోంది. చిన్నప్పుడు ఆరేళ్లు వయొలిన్ నేర్చుకున్నాను. గమకమంటే తెలియనివాణ్ణి కాదు. అది తప్పు కాదని నా చెవికి వెంటనే తెలిసింది. ఆమె గొంతుకు తగ్గట్టు నా మోతను మార్చుకోవాలి. దానికి రెండు మూడు వారాలు పడుతుంది. నాకు అంత ఓపిక లేక ఆమె గొంతునే మార్చాను. మౌస్‌తో పట్టుకుని దగ్గరలో ఉన్న స్వరం మీదికి జరపడమే. అంతా కలిపి అరగంట పని. నున్నగా వచ్చింది. నాకు నచ్చింది కూడా.

మా ఆవిడ విని, “బానే ఉంది. వాయిస్ ఎడిట్ చేశావని ఆవిడకి చెప్పావా మరి?” అంది.

“చెప్తాలే” అన్నాను.

మరుసటి వారం నోరా గారికి వినిపించాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. మధ్యలో ఒకచోట కళ్లు తెరిచి, ఆపమన్నారు.

“ఇక్కడ నేను ఇలాగే పాడానా?”

“ఇలాగే పాడారు. వెనక సౌండ్ యాడ్ చేశానంతే. మీ వాయిస్ టచ్ చేయలేదు.”

“మా అమ్మ ఇలా పాడేది కాదు.”

నేను హెడ్‌ఫోన్స్ వైరు సర్దాను.

“అయితే నాకూ మొదలైందన్నమాట” అన్నారు.

వాళ్ల అక్క మతిమరుపు జబ్బుతో పోయింది. ఆమె అన్నిటికన్నా ముందు మరిచిపోయింది పాటలేనని నోరా గారే నాకు చెప్పి ఉన్నారు. ఆ మాట నాకు గుర్తుంది. గుర్తుండి కూడా నోరు విప్పలేదు. ఎందుకు? ఒక్క మాట అంటే సరిపోయేది, ఆమె నవ్వేసి రెండు తిట్లు తిట్టి ఊరుకునేవారు, నేను కొంచెం సిగ్గుపడేవాణ్ణి, అంతకు మించి ఏమీ జరిగేది కాదని ఇప్పుడు ఎంత తేలిగ్గా రాస్తున్నానో, అప్పుడూ అంత తేలిగ్గానే తెలుసు. ఆ కొంచెం సిగ్గు నాకు ఎక్కువైంది. ఆమె సరేనన్నాక పాటను ఆన్‌లైన్‌లో పెట్టాను. విన్నవాళ్లంతా ఆ గొంతును పొగిడారు.

నోరా గారు జ్ఞాపకశక్తి పరీక్ష చేయించుకున్నారు. ఏ లోపమూ లేదన్నారు. డాక్టరు మాట ఆమె నమ్మలేదు, నా రికార్డింగ్‌ను నమ్మారు. నెలనెలా ఇక్కడి ఐర్లండ్ వాళ్లు కలిసే చోట పాడడం మానేశారు. ఇంట్లో మాత్రం నా ట్రాక్ పెట్టుకుని, దాని వెంట పాడుతూ, సొంత పాటను మళ్లీ నేర్చుకునేవారట. ఈ సంగతి ఆమే చెప్పారు. హాల్లో నన్ను చూసి, “ఇవాళ కాస్త దగ్గరికొచ్చాను” అనేవారు. నేను నవ్వి లిఫ్ట్ ఎక్కేవాణ్ణి.

పోయిన ఏడాది ఆమె చనిపోయారు. గుండె ఆగిపోయింది. ఆఖరి రోజు వరకు అందరి పేర్లూ గుర్తున్నాయట. సంతాప సభలో క్లేర్ ఆ పాట పాడింది. పదకొండు చోట్లా నేను జరిపిన స్వరాల మీదే నిలిచింది. చాలామంది ఏడ్చారు. నాకు మాత్రం అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోవాలనిపించింది.

తర్వాత క్లేర్ నా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది. “చివర్లో నానమ్మకి ఈ పాట తప్పిపోయేది. ఎంత ట్రై చేసినా ఏవో వంకర్లు వచ్చేవి. మీరు ముందే రికార్డ్ చేయబట్టి అసలు పాట మిగిలింది” అంది.

“దాందేముంది” అన్నాను.

అసలు రికార్డింగ్ నా దగ్గరే ఉంది. పంపడం రెండు నిమిషాల పని. పంపితే పాటతోపాటు, వాళ్ల నానమ్మ ఏళ్ల తరబడి ఊరికే భయపడిందన్న సంగతి కూడా ఆ అమ్మాయికి చేరుతుంది. ఆమె బాధపడుతుందనే ఆపుతున్నానని అనుకుంటాను. అదీ పూర్తి నిజం కాదు. ఆమె నన్ను ఎలా చూస్తుందోనన్నదే నా భయం. ఇప్పుడామె తన ఇద్దరు పిల్లలకు ఆ పాట నేర్పుతోందని విన్నాను.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతుల్లో లేదు. ఏడేళ్లలో ఒక్కసారి కూడా బయటికి అనని మాట ఒకటి ఉంది, అది ఇక్కడ రాస్తున్నాను. నోరా గారు ఏదీ మరిచిపోలేదు. ఆ రోజు వాళ్ల అమ్మ పాడినట్టే పాడారు. నేను మార్చాను.