శంకర్ మిషన్‌కు నేను ఎంచిన మోటార్లు

శంకర్ దగ్గరున్న, ఇనుము చెక్కే పాత మిల్లింగ్ మిషన్‌కు తప్పుడు మోటార్లు, వాటికి కరెంటు అందించి నడిపే తప్పుడు డ్రైవ్‌లు ఎంచి ఇచ్చాను. తెలియక కాదు. తెలిసి, నా చేత్తో కాగితం మీద రాసి ఇచ్చాను. ఏడేళ్లుగా ఆ సంగతి గొంతులో ఇనుప రజనులా అడ్డం పడి ఉంది. మింగలేను, ఉమ్మలేను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను బడికి పోయింది నాలుగో తరగతి దాకా. బచేలీలో గనులకు సామాన్లు చేసే ఒక ప్రైవేటు వర్క్‌షాపులో ఊడ్చేవాడిగా చేరాను. చెత్తలో పారేసిన మిషన్ పుస్తకాలు ఏరుకొని, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కొని పని నేర్చుకున్నాను. శంకర్ ఎర్రబోరు వైపు వాడు, నాకంటే చిన్న. ఐటీఐ సర్టిఫికెట్‌తో వచ్చాడు. ఒకే మిషన్ మీద ఒక షిఫ్టు అతను, ఒక షిఫ్టు నేను. ఒకసారి అతను నూనె పోయకుండా వదిలి వెళ్లిన స్పిండిల్, అంటే కత్తిని తిప్పే ఇరుసు, నా చేతిలో తిరగకుండా బిగుసుకుపోయింది. ఇంజనీరు వచ్చాడు. నేను నోరు తెరిచేలోపే శంకర్ నవ్వుతూ అన్నాడు:

"సార్, అంగూఠా ఛాప్ చేతిల మిషన్ పెడితే గిట్లనే అయితది."

అందరూ నవ్వారు. నా చేతికి మళ్లీ చీపురు ఇచ్చారు. మూడేళ్లు రజను ఊడ్చాను. నేను వేలిముద్రగాణ్ణి కాదు. ఆ రోజు నవ్విన వాళ్ల పేర్లు వరసగా ఇప్పటికీ చెప్పగలను. మరిచిపోవాల్సిందా? ఎవరు మరవాలి, అన్నవాడా, పడ్డవాడా?

చాలా ఏళ్ల తర్వాత శంకర్ సొంత షెడ్డు వేసుకున్నాడు. తుక్కులోంచి ఒక మిల్లింగ్ మిషన్ కొన్నాడు. చేతి చక్రాలు తీసేసి మోటార్లు బిగించి, కంప్యూటరుతో నడపాలని అతని కోరిక. అప్పటికి పుస్తకాలు చూసి ఆ పని కూడా నేర్చుకున్నవాణ్ణి మా దగ్గర నేనొక్కణ్ణే. మా ఇంటికి వచ్చి కింద కూర్చున్నాడు.

"అన్నా, సర్టిఫికెట్ ఉంటే ఏంది, ఈ డ్రైవ్‌ల సంగతి నాకు సమజ్ గాదు. ఏది పెట్టాలెనో నువ్వే రాసియ్యి. కళ్లు మూసుకొని తెప్పిస్త."

"పెద్ద చదువు చదివినోడివి, నన్ను అడుగుతున్నావా?"

"నీ కన్నా తెలిసినోళ్లు ఎవలున్నరన్నా ఈడ?"

అతనికి ఏమీ గుర్తులేదనుకున్నాను. గుర్తుండి తల వంచి ఉంటే సరైనవే రాసేవాణ్ణేమో. కాదు. ఇదీ అబద్ధమే. ఇక్కడైనా అబద్ధం వద్దు.

మోటార్లలో ఒక రకం తాను ఎంత తిరిగిందో డ్రైవ్‌కు చెబుతూ ఉంటుంది. బరువుకు ఆగిపోతే డ్రైవ్ ఎర్రదీపం వెలిగించి పని ఆపేస్తుంది. రెండో రకం ఏమీ చెప్పదు. మధ్యలో బరువుకు ఆగి నాలుగడుగులు వెనకబడినా కంప్యూటరు అంతా బాగుందనుకొని ముందుకు పోతుంది. బలం చూసి పెడితే అదీ చెడ్డదేం కాదు. కానీ కోసే ముక్కను మోస్తూ జరిగే అంత బరువైన పోత ఇనుము బల్లకు మొదటి రకమే కావాలి. నేను రెండోది రాశాను. అందులోనూ చిన్న సైజు. డ్రైవ్‌లు కూడా తక్కువ వోల్టేజీవి.

బిగింపు సరిగ్గా విశ్వకర్మ పూజనాటికి పూర్తయ్యేలా సాగదీశాను. ఆ రోజు మా దగ్గర ఏ కత్తీ ఇనుమును తాకదు. కొబ్బరికాయ కొట్టి, సిందూరం పెట్టి, మిషన్‌ను గాలిలోనే నడిపాం. కోత భారం లేదు కాబట్టి బల్ల వెన్నలా జరిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. మర్నాడు తుక్కు ముక్క మీద చదరం కోసి కొలవాలి, అది పద్ధతి. "ట్రయల్ నిన్నే అయిందిగా, అసలు జాబ్ ఎక్కించు" అన్నాను. నా మాట విని శంకర్ ఒక కాంట్రాక్టరు పంపిన షాఫ్టు, అంటే రాళ్లు నలిపే క్రషర్ ఇరుసు, ఎక్కించాడు. కత్తి లోతుకు దిగింది. మోటారు గుర్రుమంది. ఏ దీపమూ వెలగలేదు. షాఫ్టులో నేరుగా పడాల్సిన గాడి పక్కకు జరిగి, మెట్లు మెట్లుగా వచ్చింది.

శంకర్ కొలిచాడు. మళ్లీ కొలిచాడు. నా వైపు చూశాడు. నేను టీ తాగుతున్నాను. ఆ టీ రుచి ఇంకా నోట్లో ఉంది. బాగుంది.

"పాత మిషన్ కదా, స్క్రూలు అరిగి ఉంటాయి" అన్నాను. అతను షాఫ్టు దించేశాడు. ఇంకో షాఫ్టు కూడా అలాగే పాడయ్యాక కాంట్రాక్టర్లు పని పంపడం మానేశారు. షెడ్డు మూతపడింది. ఇప్పుడు సుక్మాలో వేరేవాళ్ల దగ్గర ట్రాక్టర్లు బాగుచేస్తున్నాడు.

సంతోషించానా? సంతోషించాను, చాలా రోజులు. అతని మీద కోపం ఇప్పటికీ పోలేదు. మరి నన్ను గుచ్చుతున్నదేమిటి? సరైనది తెలిసినవాడే అంత కచ్చితంగా తప్పు రాయగలడు. చెత్తలోంచి ఏరి, అవమానాలు పడి నేర్చుకున్న ఆ అక్షరాలతోనే రాశాను. నన్ను వేలిముద్రగాడన్నవాడికి జవాబుగా నా చదువు ఇందుకా పనికొచ్చింది?

పోయిన నెల ఈ సంగతంతా కాగితం మీద రాసి, శంకర్‌కు ఇవ్వమని సుక్మా బస్సు డ్రైవరు చేతికిచ్చాను. క్షమించమని అడగలేదు. స్పిండిల్ సంగతి కూడా వదలకుండా రాశాను. బస్సు కదిలాక గొంతులో రజను కొంచెం జరిగినట్టనిపించింది. పన్నెండో రోజున నా కాగితమే తిరిగి వచ్చింది. వెనక అతని చేతిరాత.

"అన్నా, స్పిండిల్‌కు నూనె పొయ్యనిది నేనే. నీ మీద ఏసిన. అది ఎన్నడూ మర్వలే, అందుకే నీ దగ్గరికి వచ్చిన. మోటార్లు డబ్బాలకెల్లి తీసిన నాడే వాటి మీది పట్టీల అంకెలు సదివిన. నా మిషన్‌కు చిన్నయని తెలిసింది. నువ్వు రాసినవు గదా అని బిగించిన."