గోడ గూట్లో గ్లాసు

సాగర్ కోరుట్లలో మండి హోటల్ పెట్టినప్పుడు చిన్న పళ్లేలు ఒక్కటీ కొనలేదు. మండి అంటే అరబ్బుల మాంసం అన్నం. నలుగురికి కలిపి ఒకటే పెద్ద పళ్లెం వస్తుంది, కింద పరుపు మీద దాని చుట్టూ కూర్చుని తినాలి. నా అన్నం నాకు వేరే పెట్టు అన్నవాళ్లకు సాగర్ దండం పెట్టి, పక్క సందులో టిఫిన్ సెంటర్ ఉందని దారి చూపించేవాడు. వ్యాపారం తెలిసినవాడెవడూ చేసే పని కాదిది. భార్య సరిత నెత్తి కొట్టుకుంది.

"అచ్చిన గిరాకిని ఎల్లగొట్టెటోనివి హోటలెందుకు పెట్టినవ్? మఠం పెట్టుకోరాదు" అంది.

అతను వినలేదు. ఎందుకు వినలేదో తెలియాలంటే గొల్లపల్లి పక్కన వాళ్ల ఊరికి, హన్మంతు చాయ హోటల్ దాకా పోవాలి.

సాగర్ తండ్రి లచ్చయ్య కూలి మనిషి. వాళ్లది మాదిగ వాడ. హన్మంతు హోటల్లో బల్లలు ఊరివాళ్లకి, లచ్చయ్యలాంటి వాళ్లకేమో బయట గోడ గూట్లో గ్లాసులు. గ్లాసు తీసి పట్టుకుంటే హన్మంతు పైనుంచి చాయ వంచేవాడు. తాగాక కడిగి, మళ్లీ గూట్లో బోర్లించాలి. హన్మంతు దుర్మార్గుడేం కాదు, నవ్వుతూనే మాట్లాడేవాడు. గల్లా దగ్గర్నుంచే కడిగిన గ్లాసు వైపు ఓ చూపు విసిరి, "ఇంకింత రుద్దాలెరా లచ్చిగా" అనేవాడు. లచ్చయ్య మళ్లీ రుద్దేవాడు. తండ్రి పక్కన నిలబడ్డ సాగర్‌కి ఆ మాట చెవిలో ఉండిపోయింది. ఆ గ్లాసులో హన్మంతు తాగడు, బల్లల మీదవాళ్లు తాగరు, మరి ఎంత రుద్దితే వాళ్లకేం అని పిల్లవాడికి అప్పుడే అనుమానం.

పదో తరగతి అయ్యాక కొన్నాళ్లు మేస్త్రీల వెంట తిరిగి, ఊళ్లో సగం మందిలాగే గల్ఫ్ విమానం ఎక్కాడు. మస్కట్‌లో ఒక యెమెన్ ఆయన మండి హోటల్లో గిన్నెలు తోమే పని దొరికింది. తోమడం లచ్చయ్య కొడుక్కి కొత్త కాదు. యజమానీ, డ్రైవరూ, మాంసం కొట్టేవాడూ మధ్యాహ్నం ఒకే పళ్లెం చుట్టూ కూర్చోవడం మాత్రం కొత్త. మొదటి రోజు పిలిస్తే, చేతులు తడిగా ఉన్నాయని సాకు చెప్పి తప్పించుకున్నాడు. మర్నాడు రెక్క పట్టి కూర్చోబెట్టారు. తర్వాత మెల్లగా పొయ్యి దగ్గరికి చేరాడు, మాంసం మగ్గబెట్టడం పట్టుబడింది, కొన్నేళ్లకి మూటాముల్లె సర్దుకుని వచ్చేశాడు.

కోరుట్లలో మొదట్లో ఈగలు తోలుకున్నాడు. వచ్చిన కొద్దిమందీ "ఉప్పు లేదు కారం లేదు, దవఖాన కూడు" అన్నారు. సరిత పచ్చిమిర్చి, టమాటలు రోట్లో దంచి తొక్కు చేసి పళ్లెం నడుమ పెట్టింది. దాంతో నోళ్లు మూతపడ్డాయి. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్లు దోస్తుల్ని వెంటేసుకొచ్చారు, వాళ్ల వెనక కుర్రకారు, ఆ తర్వాత కుటుంబాలు. జగిత్యాలలో రెండో హోటల్ లేచింది, పైన లాడ్జి. ఇప్పుడు సిరిసిల్లలో మూడోది. ఎక్కడా చిన్న పళ్లేలు లేవు.

ఇంత చేసినా ఒక్కటి కుదరలేదు. లచ్చయ్య హాల్లో కూర్చోడు. ఏ హోటల్‌కి వచ్చినా వెనక తలుపు గుండా వంటింట్లోకి వచ్చి, బియ్యం బస్తా మీద కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న స్టీల్ తల్లెలో తిని, కడిగి కిటికీలో బోర్లిస్తాడు.

"బాపూ, హోటల్ మనదే. ముంగటికి రారాదే" అని సాగర్ ఎన్నిసార్లు బతిమాలాడో.

"నాకిక్కడనే మంచిగున్నది కొడుకా" అనేవాడు ముసలాయన.

సాగర్‌కి కోపం వచ్చేది, ఏడుపూ వచ్చేది. ఇన్ని హోటళ్లు ఎవరికోసం పెట్టినట్టు?

సిరిసిల్ల హోటల్ తెరిచిన రోజు ఊరందరినీ పిలిచాడు. హన్మంతు కూడా వచ్చాడు. చాయ హోటల్ మూతపడి చాలా కాలమైంది, మనిషి వంగిపోయాడు. ఊరివాళ్లు ఇద్దరితో కలిసి మెల్లగా పరుపు మీద కూలబడ్డాడు. పొగలు కక్కుతూ పళ్లెం వచ్చింది. నలుగురి పళ్లెం, మనుషులు ముగ్గురు. హన్మంతు చుట్టూ చూస్తే, వంటింటి గుమ్మంలో తల్లె పట్టుకుని లచ్చయ్య కనబడ్డాడు.

"ఓ లచ్చయ్యా, గాడ నిలవడ్డవేంది? నాలుగో మనిషి లేడు, దా!"

సాగర్ గల్లా దగ్గర బిగుసుకుపోయాడు. కొడుకు ఏళ్ల తరబడి పిలిస్తే రానివాడు ఈయన పిలిస్తే వస్తాడా? రాకపోతే ఒక బాధ, వస్తే ఇంకో బాధ.

లచ్చయ్య తల్లెను సరిత చేతికిచ్చి వచ్చాడు, కూర్చున్నాడు. తొందరేం లేకుండా తన వైపు అన్నం కలుపుకుని తిన్నాడు. హన్మంతు మంచి ముక్కొకటి అటు జరిపితే అదీ తిన్నాడు. తొక్కు గురించీ వానల గురించీ మాట్లాడుకున్నారు. సాగర్‌కి గుండె తేలికపడింది. ఇక అంతా అయిపోయిందనే అనుకున్నాడు.

పళ్లెం ఖాళీ అయింది. లచ్చయ్య దాని అంచు పట్టుకుని హన్మంతు ముందుకు తోశాడు.

"గీపారి నువ్వు కడుగు సేటూ."

కోపంగా అనలేదు, నవ్వుతూనే అన్నాడు. సర్వర్ పరుగున వచ్చి పళ్లెం మీద చెయ్యి వెయ్యబోతే, "ఉండనియ్యి!" అని సాగర్ అరిచాడు. తన గొంతు తనకే కొత్తగా వినబడింది.

హన్మంతు కాసేపు పళ్లెంలోకి చూశాడు. తర్వాత మోకాళ్ల మీద చేతులానించి లేచి, దాన్ని రెండు చేతులా ఎత్తుకుని నల్లా దగ్గరికి నడిచాడు. నీళ్లు పట్టి, సబ్బు వేసి రుద్దాడు. సిగ్గుపడ్డాడో, తోటి ముసలివాడి ముచ్చట తీర్చాడో, వెనక నుంచి చూసేవాళ్లకు తెలియలేదు. లచ్చయ్య వెళ్లి పక్కన నిలబడ్డాడు. కడిగిన పళ్లేన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇంకింత రుద్దాలె" అన్నాడు.

హన్మంతు మళ్లీ రుద్దాడు.