పేలిక పాలైన సూదిమందు

మా ఆయన దర్జీ. ఆయనకి ముక్కు మీద కోపం అంటారు గానీ, అది నాకుంది. ఆయనకున్నది మొండితనం, తలనొప్పి. తలనొప్పంటే మీకూ నాకూ వచ్చే రకం కాదు. ఏటా కొన్ని వారాల పాటు రోజూ సాయంత్రం టీ వేళకి ఎడమ కన్ను వెనక మొదలవుతుంది. ఆ కన్ను ఎర్రబడి, ఆ ఒక్క కంటి నుంచే నీళ్లు ధారగా కారతాయి. కుడి కన్ను తనకేమీ పట్టనట్టు పొడిగా చూస్తూంటుంది. మనిషి కూర్చోలేడు, పడుకోలేడు. బల్ల చుట్టూ తిరుగుతూ గోడకి తల కొట్టుకుంటాడు. వీధిలో వాళ్లు గడియారం మాస్టరని పేరు పెట్టారు. ఎదురు టీ కొట్టాయన మావారి మూలుగు విని పాలు పొయ్యి మీద పెడతాడు. నాకు ఒళ్లు మండుతుంది గానీ, ఏ మాటకామాటే, టీ మాత్రం వేళకి వస్తుంది.

ఈసారి డాక్టరమ్మ మాత్రలు మాన్పించి సూదిమందు రాసింది. చూడ్డానికి లావుపాటి పెన్నులా ఉంటుంది, సూది లోపలే దాక్కుంటుంది. తొడకి ఆనించి నొక్కితే టక్‌మంటుంది, మందు దిగుతుంది, పావుగంటలో నొప్పి సర్దుకుంటుంది. ఒక పెన్ను ఒక్కసారికే. పెట్టెలో రెండే వచ్చాయి. మళ్లీ కావాలంటే మందుల షాపువాడు వారం ఆగమన్నాడు.

ఇక మావారి ఘనకార్యం వినండి. ఈయన చెయ్యి సరాసరి కొత్త గుడ్డ మీదకి పోదు. మిషన్‌కి సూది మార్చినా దారం మార్చినా ముందు ఓ పేలిక మీద నాలుగు కుట్లు వేసి, వెలుతురులో తిప్పి చూసుకుని, అప్పుడే అసలు గుడ్డ ముట్టుకుంటాడు. పెట్టె తెచ్చిన రోజు నేను కాజాలు కుడుతూ తలెత్తేసరికి, నల్ల పేలికని మడతలు పెట్టి దాని మీద ఆ పెన్ను నొక్కేశాడు. టక్‌మంది.

“బాగానే దిగుతోందే,” అన్నాడు తృప్తిగా.

“దిగింది. ఆ పేలికకి ఇక జన్మలో తలనొప్పి రాదు,” అన్నాను.

అప్పుడు గానీ నాలుక కరుచుకోలేదు మహానుభావుడు.

ఆ పేలిక మా అమ్మాయి కోటులో మిగిలిన ముక్క. పిల్ల లాయరుగా ప్రమాణం చేయబోతోంది, మొదటి కోటు నాన్నే కుట్టాలని పట్టుబట్టింది. ప్రమాణం పెట్టింది కూడా సాయంత్రం, మా టీ వేళకే. ముందు రోజుకి కోటులో కాలరూ ఒక చెయ్యీ మిగిలాయి. సరిగ్గా అప్పుడే ఈయన ఎడమ కన్ను ఎర్రబడింది. నేను మిగిలిన ఒక్క పెన్నూ తీశాను.

“లోపల పెట్టు,” అన్నాడు.

“రోజంతా సూదుల మధ్య బతుకుతూ సూదంటే భయమేంటండీ?”

“భయం కాదే. అది రేపటికి,” అన్నాడు పంటిబిగువున. “రేపు అందరి ముందూ గోడకి తల కొట్టుకుంటే దాని పరువేం కావాలి? అది ప్రమాణం చేస్తుంటే నేను చూడాలి.”

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. వెంటనే కోపమూ వచ్చింది.

“మరి కోటు?”

“నువ్వు కుట్టు.”

నేను కుట్టాలట. పెళ్లయి వచ్చినప్పటి నుంచి కాజాలు, గుండీలు, అంచులు తప్ప ఇంకో పని నా చేతికిచ్చిన పాపాన పోలేదు. నేను కాలర్ ముట్టుకుంటే ఒంటికాలి మీద లేచేవాడు. ఇప్పుడు గోడకి నుదురు ఆనించి, మూలుగుకీ మూలుగుకీ మధ్య పాఠం చెబుతున్నాడు.

“లాగకు... గుడ్డని దాని దారిన రానివ్వు... అబ్బా... భుజం దగ్గర కాస్త వదులుంచు.”

“మీరు మూలిగే పని చూసుకోండి, కుట్టే పని నేను చూసుకుంటాను,” అన్నాను గానీ, నేనూ ముందు పేలిక మీదే నాలుగు కుట్లు వేసి చూసుకున్నాను. మందు తాగి గట్టిపడిన ఆ పేలికే చేతికి దొరికింది.

మర్నాడు ప్రమాణం జరిగే పెద్ద భవనంలో పేర్లు పిలవడం మొదలెట్టారు. మా పిల్ల వంతుకి ఇంకా చాలామంది ఉన్నారనగా ఈయన చెయ్యి ఎడమ కంటి మీదకి పోయింది. వరండా చివరున్న సామాన్ల గదిలోకి లాక్కెళ్లాను. జేబులోంచి సుద్దముక్క తీసి తొడ మీద గుర్తు పెట్టాడు.

“ఇక్కడ. వంకర పోనివ్వకు.”

“ముందు పేలిక మీద చూడనా?” అన్నాను.

అంత నొప్పిలోనూ నవ్వాడు. నొక్కాను. టక్‌మంది. ఆయన భుజం పట్టుకుని అక్కడే నిలబడ్డాను. కాసేపటికి ఊపిరి కుదురుకుంది, కన్ను ఆరింది, ముఖం తుడుచుకున్నాడు. వెళ్లి చివరి వరసలో కూర్చున్నాం.

అమ్మాయి లేచి నల్లకోటులో ముందుకి నడిచింది. ప్రమాణానికి చెయ్యెత్తింది. భుజం దగ్గర గుడ్డ ఎక్కడా పట్టెయ్యలేదు.

“కాలర్ కుదిరింది,” అన్నాడు మెల్లగా.

ఈయన నోట అలాంటి మాట ఎప్పుడూ వినలేదు. తల తిప్పి చూశాను. ఈసారి రెండు కళ్లూ కారుతున్నాయి.