అద్దం మీద మర్చిపోయిన కాగితం

ఇంటర్‌తో చదువు ఆపేసి, ఓర్వకల్లు దగ్గర పొదుపు సంఘాల ఆఫీసులో పనికి చేరిన కొత్తలో సంగతి ఇది. ప్రతి కాగితానికీ బస్టాండు దగ్గరున్న మస్తానన్న జిరాక్సు అంగడికి పరుగెత్తేదాన్ని. ఆయనకు పెద్ద బేరం మేమే. ఇక ఆఫీసుకే సొంత జిరాక్సు మిషన్ కొందామని, దానికయ్యే ఖర్చంతా రాసుకురమ్మని మా లీడరు ఓబులమ్మక్క నాకు చెప్పింది.

రాశాను. మీటింగుకు దానివి పది కాపీలు కావాలి. మళ్ళీ మస్తానన్న దగ్గరికే పోవాలి! ఆయన చదివితే ఎట్లా అని ఒకటే దడ. ఆయన్ని ముట్టుకోనివ్వకుండా నేనే కాగితాన్ని మిషన్ అద్దం మీద బోర్లించి, కాపీలు రాగానే లాక్కుని పరుగెత్తుకొచ్చాను.

మీటింగు మొదలైందో లేదో, గుమ్మంలో మస్తానన్న! చేతిలో నా అసలు కాగితం.

“ఏం పాపా, అద్దం మీదనే ఇడ్సిపెట్టి పోతివే! చదివినాలే. మిషన్ రేటు రాస్తివి, టోనరు పొడి, రిపేరి యాడ రాస్తివి? వాటికి శానా అయితాది.”

ఓబులమ్మక్క ఆశ్చర్యపోయింది. “ఏమప్పా, మిషనొస్తే నీ బేరం పాయె గదా! నువ్వే చెప్తాండావా?”

“లెక్క తప్పితే రేపు మీరు తిట్టేది ఈ పాపనే గదక్కా.”

ఆయన చెప్పినవి కలిపి రాశాం. మిషన్ వచ్చింది. రోజూ బస్సు కోసం ఆ అంగడి ముందే నిలబడతాను. “మిషన్ బాగుండాదా పాపా?” అని ఆయనే పలకరిస్తాడు. “బాగుందన్నా” అంటాను గానీ, తలెత్తి ఆయన ముఖం చూడలేను. దాచకుండా మొదట ఆయన్నే అడిగి ఉంటే ఎంత బాగుండేది!