చెంచా మురబ్బా

నిజామాబాద్‌లో మా ఇంటికి ఏ చుట్టం వచ్చినా మా అవ్వ ముందు వాళ్ల చేతుల వంక చూసేది. పండ్లు తెచ్చారా, పూలు తెచ్చారా అని కాదు. ఖాళీ హార్లిక్స్ సీసా తెచ్చారా లేదా అని. తెచ్చినవాళ్ల చాయ్‌లో పాలు ఎక్కువ పడేవి. తేనివాళ్లను "ఏం తల్లీ, మీ ఇంట్ల పిల్లలకు హార్లిక్స్ తాపుతలేరా?" అని మొహం మీదే అడిగేది. మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ హార్లిక్స్ తాగిన పాపాన పోలేదు. సీసాలు మాత్రం అటక నిండా ఉండేవి.

మా దిక్కు కన్నతల్లిని అవ్వ, నాన్నను బాపు అంటాం. మా అవ్వ పేరు శంకరమ్మ. బీడీలు చుట్టేది. పొద్దున్నే వాకిలి ఊడ్చి అరుగు మీద కూర్చుందంటే ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన తడి గోనెలో చుట్టిన తునికాకు. చూపు సందులో వచ్చేపోయేవాళ్ల మీద ఉండేది, నోరు గోడ అవతలి చాంద్‌బీతో ముచ్చట్లో ఉండేది, వేళ్లు మాత్రం వాటి పని అవి చేసుకుపోయేవి. ఇరవై ఐదు బీడీలు ఒక కట్ట. చాంద్‌బీతో పోట్లాడుతూ ఒక కట్ట, నన్ను తిడుతూ ఒక కట్ట. నా మీద రెండు కట్టల తిట్లు పడ్డాయంటే ఆ రోజు నా తప్పు పెద్దదే అన్నమాట.

బాపు పేరు రాజలింగు. చెరుకు ఆడే నాలుగు నెలలు బోధన్ షుగర్ ఫ్యాక్టరీలో పని, మిగతా రోజులు ఎక్కడ దొరికితే అక్కడ. ఆదివారం ఆదివారం ఇంటికి వచ్చేవాడు. ఆయన అంగీ దగ్గర చెరుకురసం కాగిన వాసన వచ్చేది. నేను ఎగిరి ఆయన ఒళ్లో కూర్చుని, ఆయన కలిపి పెట్టిన ముద్దలు నోరు తెరిచి తెరిచి తినేదాన్ని. అవ్వ ముద్ద పెట్టబోతే మాత్రం పెదాలు బిగించేసేదాన్ని. ఆమె చెయ్యి తంబాకు కంపు కొట్టేది. అది ముక్కు దగ్గరికి వచ్చిందంటే మొహం తిప్పేసుకునేదాన్ని.

నాలుగేళ్లప్పుడు మొదలైంది ఈ మొండితనం. అవ్వ చేయని ప్రయత్నం లేదు. కుంకుడురసంతో కడిగింది, బూడిదతో తోమింది, నిమ్మచెక్క పెట్టి వేళ్ల సందుల్లో రుద్దింది. ఒకసారి మల్లెపూలు నలిపి అరచేతికి పూసుకుని వచ్చింది. అప్పుడు మల్లెపూలూ తంబాకూ కలిసి వచ్చాయి. నేను ఏకంగా కక్కుకున్నాను.

"ఊరంత తాగే బీడీలు నా సేతులకెళ్లే పోతున్నయ్. ఒక్కరన్న వద్దన్నరా? కన్న బిడ్డవు, నీకే కంపు కొట్టాల్నా?" అని తిట్టేది. తిట్టి, పళ్లెం నా ముందుకు తోసి, అటు తిరిగి కూర్చునేది. నేను నా చేత్తో సగం కింద పోసుకుంటూ తినేదాన్ని. ఆమెకు అది తీరని కొరతగా ఉండేదని అప్పుడు నాకు తెలియదు. అన్నం వండిపెట్టడం వేరు, ముద్ద పెట్టడం వేరు. వాడలో తల్లులంతా పిల్లల వెంట తిరిగి ముద్దలు పెడుతుంటే ఆమె బీడీలు చుట్టుకుంటూ చూసేది. ఇప్పుడు తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది.

నాకు ఎనిమిదో ఏడు నడుస్తుండగా రంజాన్ పండుగ నాడు, నేను ఖాలా అని పిలిచే చాంద్‌బీ చిన్న గాజు గిన్నెలో మామిడి మురబ్బా పెట్టి, అందులో చెంచా వేసి ఇచ్చింది. తేనె రంగు పాకంలో మామిడి ముక్కలు. నేను గిన్నె ఖాళీ చేసి, చెంచా నాకి, మళ్లీ చాపాను. అవ్వ గోడ మీదుగా చూస్తూ ఉంది. చెంచా వంక చూసింది, నా నోటి వంక చూసింది.

"ఇది ఎట్ల జేస్తరక్కా?" అని అడిగింది.

"నా సెయ్యి అంటకుండ నా సేతి వంట బిడ్డ నోట్లకు పోయే తొవ్వ దొరికింది," అని బాపుతో చెప్పిందట. బాపు నవ్వి, ఆ వేసవికి ఫ్యాక్టరీలో తన వంతుకు వచ్చిన చక్కెర సంచి అలాగే దాచి తెచ్చాడు. అవ్వ తమ్ముడు దేవన్న మామ మోస్రా నుంచి బస్సు మీద సంచెడు పచ్చి మామిడికాయలు వేసుకుని దిగాడు. కాయ గట్టిగా ఉండాలి, పుల్లగా ఉండాలి, లోపల టెంక ముదరకూడదు. అవ్వ ఒక్కో కాయనూ పట్టుకుని చూసి, నాలుగు వెనక్కి ఇచ్చేసింది. బస్సెక్కి మోసుకొచ్చిన మామకు ఒళ్లు మండింది.

చాంద్‌బీ గోడ అవతలి నుంచే పాఠం చెప్పింది. చెక్కు తీయాలి, ముక్కలు కోయాలి, దబ్బనంతో పొడవాలి, సున్నపు తేటలో నానబెట్టాలి. కడిగి, ఒక్క ఉడుకు రానిచ్చి, నీడలో తడి ఆరబెట్టాలి. ఆ తర్వాత చక్కెర పాకంలో, సన్న మంట మీద, ముక్క అద్దంలా మెరిసేదాకా ఉంచాలి. అవ్వ అన్నీ తు.చ. తప్పకుండా చేసింది, ఒక్కటి తప్ప. చాంద్‌బీ ముక్కలను బట్ట మీద ఆరబెట్టమంది. కానీ అవ్వకు చేతికి ఏది వచ్చినా చాటలో పోయడమే అలవాటు. పాత బీడీల చాట ఒకటి ఉంటే మూడుసార్లు కడిగి, ఎండబెట్టి, అందులో పరిచింది. పదిహేనేళ్ల తంబాకు పట్టిన వెదురు మూడు కడుగులకు పోతుందా?

పదిహేను రోజులకు మొదటి సీసా విప్పారు. దేవన్న మామ వచ్చాడు, చాంద్‌బీ వచ్చింది. అవ్వ తలా ఒక చెంచా పెట్టి, మా మొహాల వంక చూస్తూ నిలబడింది. ముందు బాపు తుమ్మాడు. తర్వాత నేను. తర్వాత చాంద్‌బీ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వరసగా ఏడు తుమ్ములు తుమ్మింది.

"మంచిగనే ఉంది," అన్నాడు బాపు కళ్లు తుడుచుకుంటూ. "జర తల తిరుగుతున్నట్టుంది గంతే."

"అరె శంకరమ్మా, మురబ్బా జెయ్యమంటె తియ్య బీడీలు జేసినవ్ గదనే!" అంది చాంద్‌బీ.

దేవన్న మామ ఒక్కడే ఇంకో చెంచా అడిగాడు. ఆయనకు దవడలో ఎప్పుడూ తంబాకు ఉండాల్సిందే. "అక్కా, గిది పిల్లలకు ఎందుకే, నాకియ్యి," అని ఆరు సీసాలూ మోస్రాకు పట్టుకుపోయాడు. అవ్వ ఆ రోజు నవ్వలేదు. నేను ఉమ్మేసిన ముక్క వంక చూసి, దాన్ని తీసి పారేసి, కట్టెల పొయ్యి ఊదుతూ కూర్చుంది. పొగకు కాదు ఆ కళ్లు అలా ఎర్రబడింది.

మరుసటి వేసవికి కొత్త చాట కొంది. దానికి ఎర్ర గుడ్డ కట్టి, ఇంట్లో ఎత్తైన మేకుకు తగిలించింది. ఆ చాటలో బియ్యం చెరగాలని చూసిన బాపుకు ఒక పూట అన్నం దొరకలేదు. బీడీ పని ఆ రోజుకు బంద్ పెట్టి, తలంటు పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని పొయ్యి ముట్టించింది. సీసాలు వేడినీళ్లలో మరగబెట్టి, ఎండలో బోర్లించి, పాకం వేడి మీద ఉండగానే నింపింది. మూత చుట్టూ కొవ్వొత్తి కరిగించి పోసి, పైన బట్ట కప్పి, కొత్త రీలు విప్పి బీడీ దారంతో మూతి బిగించింది. ఆ ముడి విప్పాలంటే మళ్లీ ఆమే రావాలి. నేను దొంగతనంగా తినకుండా వేసిన ముడి అది, నాకు తెలుసు.

ఈసారి కుదిరింది. కుదరడం అంటే అట్లా ఇట్లా కాదు. బడి నుంచి వచ్చానంటే అవ్వ పొడుగు కాడ చెంచా ఒకటి సీసాలో వేసి నా ముందు పెట్టేది. తాను రెండడుగుల దూరంలో కూర్చునేది. "సెయ్యి అంటలేదు. ఇగ తిను." నేను తినేదాన్ని. ఒక్కో ముక్క నా గొంతు దిగేదాకా చూసేది. సగం సీసా అయ్యాక ఎప్పుడో ఒకసారి, ఊరికే అడిగినట్టు, "అన్నం ముద్ద పెట్టాల్నానే?" అనేది. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. "నీ మూతికి సెంచానే సరిపోతది తీ," అని లేచిపోయేది.

ఇట్లా మూడేళ్లు గడిచాయి. అవ్వ మురబ్బా పేరు వాడ దాటింది. బోధన్‌లో బాపుతో పనిచేసేవాళ్లు సీసాలు పంపి మరీ అడిగేవాళ్లు. అడిగినవాళ్లందరికీ ఇచ్చేది, ఖాళీ సీసా తిరిగి రాకపోతే మాత్రం వాళ్ల ఏడు తరాలనూ గుర్తు చేసుకునేది.

ఎనభై ఏడు వేసవి. నాకు పదకొండేళ్లు. బాపు మోస్రాలో మామ దగ్గర పనికి పోయాడు. ఆ రోజు పాకం బాగా వచ్చింది, సీసాలూ సిద్ధంగా ఉన్నాయి. ఇల్లంతా గిన్నెలే. అవ్వ ఎడమచేత్తో వేడి సీసా పట్టుకుని, కుడిచేత్తో గరిటెతో పోస్తోంది. నిండిన సీసాను దించడానికి చుట్టూ చూసింది. ఏ వేడి గిన్నె దించినా గోనె మీద దించడం ఆమెకు అలవాటు. పక్కన మెత్తగా గోనె కనబడింది. కానీ అది మర్నాటికని కత్తిరించిన తునికాకును చుట్టిపెట్టిన తడి గోనె. కాలే సీసా అడుగు ఆ చల్లటి తడికి తగిలిందో లేదో, టప్పుమని పగిలింది. పాకం ఎడమచేతి మీద పడింది.

"అయ్యో నా సీస!" అని అరిచింది ముందు. తర్వాత చెయ్యి చూసుకుంది.

చాంద్‌బీ ఉరికి వచ్చి ఆ చేతిని నీళ్ల కుండలో ముంచి పెట్టించింది. అరచెయ్యంతా బొబ్బలెక్కింది. మర్నాడు గుడ్డ చుట్టుకుని కూర్చున్న అవ్వకు చేతి నొప్పి కంటే ఆకు బాధే ఎక్కువైంది. కత్తిరించిన ఆకు ఆ రోజు చుట్టకపోతే ఎండి పెళుసైపోతుంది. గోనె విప్పి చూసింది, మూసింది. మళ్లీ విప్పి చూసింది. మధ్యాహ్నం ఎప్పుడో గోడకు ఆనుకుని కునుకు తీసింది.

నేను చాట తీసి ఒళ్లో పెట్టుకున్నాను. పుట్టినప్పటి నుంచి చూస్తున్న పనే కదా. మొదటి పది విచ్చుకుపోయాయి. తర్వాతివి నిలబడ్డాయి. ఆకులో తంబాకు పోసి, చుట్టి, మూతి మలిచి, దారం కట్టడం. నాకు భలే గర్వంగా అనిపించింది. అవ్వ లేచేసరికి ఒక కట్ట నా పక్కన ఉంది.

అవ్వ ఒక బీడీ తీసి చూసింది. "మూతి మలుచుడు ఎవలు నేర్పిండ్రే నీకు?" అంది. గొంతులో మెచ్చుకోలు దాగలేదు. నేను తల ఎత్తకుండా ఇంకోటి చుట్టాను.

"ఆకలైతుందే అవ్వా," అన్నాను.

అవ్వ పప్పన్నం కలుపుకొచ్చి నా పక్కన కూర్చుంది. నా రెండు చేతులూ పనిలో ఉన్నాయి. ఆమె కుడిచేత్తో ముద్ద చేసి, సగం భయంగా, నా నోటి దగ్గర పెట్టింది. నేను నోరు తెరిచాను. తిన్నాను. ఇంకో ముద్ద. అదీ తిన్నాను. మూడో ముద్దకు అవ్వ గోడ వైపు తిరిగి కేక పెట్టింది.

"ఓ చాంద్‌బక్కా! మా బిడ్డ గోదావరి నా సేతికెళ్లి తిన్నదే! ముద్దలు తింటుంది, సూడు రా!"

ఆమె మొహం అంత వెలిగిపోవడం నేను మళ్లీ నా పెళ్లిలోనే చూశాను. నాలుగో ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగింది. పళ్లెం కింద పెట్టింది. నా చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గరికి తీసుకుంది. ఇటు నా చెయ్యి వాసన చూసింది, అటు తన చెయ్యి వాసన చూసింది. రెండూ ఒకటే.

చాంద్‌బీ గోడ మీదికి తల పెట్టేసరికి అవ్వ నా ఒళ్లో చాట లాగేసింది.

"లెవ్వు," అంది. "లెవ్వే ముందు."

"ఇంక చానా ఆకుంది, ఎండిపోతది అవ్వా."

"ఎండనీ. కాలనీ. నా సేతికెళ్లి నువ్వు ఏడేండ్లు తినకున్న బతికిన, ఇంకో ఏడేండ్లు తినకున్న బతుకుత. నీ సెయ్యి గిట్ల కావద్దు బిడ్డా."

రెక్క పట్టి పెరట్లోకి లాక్కుపోయింది. నిన్నటి మామిడి తొక్కలు తెచ్చి నా చేతులు తోమింది. బూడిదతో తోమింది, నిమ్మచెక్కతో తోమింది, మళ్లీ మామిడి తొక్కలతో. ఒంటి చేత్తో తోముతూ, ఆ రోజు నా మీద ఎన్ని కట్టల తిట్లు పడ్డాయో లెక్కలేదు. చాంద్‌బీ గోడ మీద నుంచి నీళ్లు అందిస్తూ పోయింది. నా చేతులు ఎర్రగా కందిపోయి, పుల్లటి మామిడి వాసన వచ్చేదాకా వదల్లేదు.

సాయంత్రం ఎండిన ఆకునంతా పొయ్యిలో వేసి మిగిలిన పాకం వేడి చేసింది. చాంద్‌బీ నింపింది, నేను మైనం పోశాను. పని అయిపోయాక అవ్వ తన కుడిచెయ్యి తెచ్చి నా ముక్కు కింద పెట్టింది.

"కంపు కొడుతుందా?"

నేను గట్టిగా పీల్చి చూశాను. గుప్పున కొట్టింది. మొహం తిప్పేసుకున్నాను.

అవ్వ పడీపడీ నవ్వింది. "గట్లుండాలె!" అంది. మురబ్బా సీసా తెచ్చి, పొడుగు కాడ చెంచా వేసి నా ముందుకు తోసి, ఎప్పటిలాగే రెండడుగుల దూరంలో కూర్చుంది.

నేను చెంచా తీసి పక్కన పెట్టాను. మధ్యాహ్నం మిగిలిన పప్పన్నం పళ్లెం ఆమె ఒళ్లో పెట్టి, ఎదురుగా కూర్చుని, రెండు వేళ్లతో ముక్కు మూసుకుని నోరు తెరిచాను.

"గట్టిగ మూస్కో," అంది అవ్వ, ముద్ద కలుపుతూ.