మెంతుల మజ్జిగ

ఈ ఉదయం కల్లూరు నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. నెల తప్పిందట. "ఒక పక్క పొత్తికడుపు నొస్తాండాది మా. వేడి చేసినట్టుండాది, మెంతులు మింగి మజ్జిగ తాగుతా" అంది. నా చేతిలో గరిటె ఆగిపోయింది. "మెంతులూ వద్దు, మజ్జిగా వద్దు, ముందు స్కానింగుకు పో!" అని అరిచాను. ఫోన్ పెట్టేశాక సిగ్గుతో తల దించుకున్నాను. ఆ వైద్యం దానికి నేర్పింది నేనే.

అప్పుడు మేము నందికొట్కూరులో ఉండేవాళ్లం. మా ఆయన మంగంపేట ముగ్గురాయి గనుల్లో పనిచేస్తూ, సెలవు దొరికినప్పుడు ఇంటికొచ్చేవాడు. ఇద్దరు పిల్లలయ్యాక నాకు ఆపరేషన్ చేయించారు. అయినా నెల తప్పింది, ఒక పక్క నొప్పి మొదలైంది. అనుమానం రాకపోలేదు, నోరు పెగల్లేదంతే. పెద్దమనిషైన కూతురు ఇంట్లో ఉండగా తల్లికి కడుపంటే జనం నవ్వరా? ఆపరేషన్ అయినదానికి, మొగుడు ఊళ్లో లేనిదానికి కడుపెలా వచ్చిందని అడగరా? పరీక్ష చేసుకుందామంటే మందుల షాపు నడిపేది మా చర్చి పెద్దాయన. ఆదివారం ఆయన ఎదుట నిలబడి పాట ఎత్తుకోవాల్సింది నేను. అందుకని అందరితో వేడి అని చెప్పి మెంతులు మింగాను, సబ్జా గింజలు తాగాను. ఇంట్లో చలవ చేసేవన్నీ అయిపోయాయి గానీ నొప్పి తగ్గలేదు.

ఒక ఆదివారం పాట మధ్యలో భుజం గుంజి, కళ్లు తిరిగి బెంచీ మీద కూలబడ్డాను. మా అత్త నా చెంగు సర్దుతూ చెవిలో, "నెల తప్పినావా మే?" అని అడిగింది. తలూపాను. "నాతో చెప్పేదానికేమే? నేనేమన్నా పరాయిదాన్నా?" అని ఏడుస్తూనే ఆటో పిలిపించింది. కర్నూలులో డాక్టరమ్మ చూసి, పిండం గర్భసంచిలో కాక పక్కనున్న నాళంలో నిలిచిందనీ, నాళం పగిలి లోపలే రక్తం పోతోందనీ చెప్పింది. ఆపరేషన్ అయినవాళ్లకూ అరుదుగా ఇలా అవుతుందట. "నొప్పి మొదలైనప్పుడే వచ్చింటే మందుతోనే తగ్గిపోయేదేమో కదమ్మా" అంది. నాళం తీసేసి, రక్తం ఎక్కించి బతికించారు. మా ఆయన వచ్చి మంచం పక్కన కూర్చుని, నా చేయి పట్టుకున్నాడు. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అడుగుతాడని అనుకున్నందుకు ఆయన ముఖం చూడలేకపోయాను. పిల్లలకు మాత్రం కడుపులో గడ్డ తీశారని చెప్పుకున్నాం.

సాయంత్రం అమ్మాయి మళ్లీ ఫోన్ చేసింది. "సంచిలోనే ఉండాదంట మా, భయం లేదన్నారు." ఊపిరి పీల్చుకుని, ఆ గడ్డ సంగతి దానికి ఉన్నదున్నట్టు చెప్పాను. "ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదు మా?" అంది. ఆ బిడ్డను నేను మోసింది కొన్ని వారాలే. సిగ్గును మాత్రం ఇన్నేళ్లూ మోశాను.